వడ్ల కొండ మీద ముందడుగు

నా చిన్నప్పుడు మంచు అంటే ఏమిటో నాకు తెలీదు. ఇప్పటికీ కళ్లారా చూసింది లేదు. కానీ కొండ జారి మనిషి మీద పడటం అంటే ఏమిటో పలకా బలపం పట్టకముందే తెలుసు. మా బర్మా రేవు పట్నం రంగంలో కొండలు వడ్లవి. తెల్లదొరల కాలం, పంతొమ్మిది వందల ఇరవైలు. నది ఒడ్డు పొడుగునా బియ్యం మిల్లులు, మిల్లుల వెనక గిడ్డంగులు, గిడ్డంగుల్లో పైకప్పు దూలాలు అందుకునేంత ఎత్తున పోసిన ధాన్యం. ఎండాకాలంలో పడవల మీద వచ్చిన వడ్లు వానలన్నీ అక్కడే మగ్గేవి. వానలు వెళ్లాక మా వాళ్లు ఆ కుప్పలెక్కి గంపలకెత్తి ఖాళీ చేసేవారు. మా వాళ్లంటే ఓడెక్కి సముద్రం దాటి వచ్చిన తెలుగు కూలీలు, శ్రీకాకుళం, విశాఖపట్నం పక్కవాళ్లు.

మా తాతయ్య, అంటే అమ్మకు కన్నతండ్రి, ఆ జట్టుకు మేస్త్రీ. సొంతూరి నుంచి మనుషులను తీసుకొచ్చి, బారకాసుల్లో, అంటే కూలీల వరస ఇళ్లలో, చోటు చూపించి, మిల్లులో పనికి పెట్టేది ఆయనే. మా నాన్న ఆ జట్టులోనే గంప మోసేవాడు. రంగంలోని కూలీల పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో ఒకే బారకాసులో, మధ్యలో గోనెపట్టా అడ్డం కట్టుకుని అందరం కలిసే ఉండేవాళ్లం. నేనంటే తాతయ్యకు ప్రాణం. మిల్లు నుంచి వస్తూ పంచె కొంగున నాకోసం ఏదో ఒకటి ముడేసుకుని తెచ్చేవాడు. నాకు జ్వరమొస్తే అమ్మ కంటే ముందు ఆయన పస్తుండేవాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ముక్కూ మొహం తెలియనివాడు మోసం చేస్తే నాలుగు తిట్లు తిట్టి మరిచిపోతాం. ప్రాణంగా చూసుకున్నవాడు చేసింది మాత్రం ముసలితనం వచ్చినా పచ్చిగానే ఉంటుంది. నాకు అలాగే ఉంది.

వడ్ల కుప్ప చూడ్డానికి సాధువులా కూర్చుని ఉంటుంది. ఎక్కినవాడికే దాని సంగతి తెలుస్తుంది. వానల్లో పైరేకుల సందుల్లోంచి నీళ్లు కారి పైన వడ్లు తడుస్తాయి, తర్వాత ఆరి అట్టకడతాయి. ఈలోగా గిడ్డంగి అడుగున ఉన్న చిన్న తలుపు ఎత్తి కింద నుంచి ధాన్యం లాగుతూ ఉంటారు. మామూలు కుప్పయితే కింద లాగినకొద్దీ పైన గుంట పడుతుంది. అట్టకట్టిన కుప్ప అలా కాదు. పైకి నిండుగా, నున్నగా కనిపిస్తూ కడుపులో గుల్ల పెట్టుకుని ఉంటుంది. మనిషి కాలు పెడితే ఆ అట్ట విరిగి లోపలికి పోతాడు, చుట్టుపక్కల వడ్లన్నీ కదిలి అతని మీదకు జారతాయి. సముద్రంలో ఈదినవాడు కూడా వడ్లలో ఈదలేడు.

అందుకే మా జట్టులో ఒక కట్టుబాటు ఉండేది. దాన్ని ముందడుగు అనేవారు. మా పెద్దవాళ్ల ఊళ్లో కొత్త పడవను నీళ్లలోకి దించితే ముందుగా పడవ పెద్దే అందులో కాలు పెట్టాలట. ఆ అలవాటును ఇక్కడికీ తెచ్చుకున్నారు. ఏ కుప్పయినా సరే ముందు మేస్త్రీ ఎక్కాలి. ధాన్యం కళ్లకద్దుకుని, ఉత్త కాళ్లతో నడిచి వెళ్లి, నడినెత్తిన నిలబడి, మడమతో గట్టిగా తన్ని, "రండ్రా" అని కేకెయ్యాలి. ఆ కేక వినపడందే జట్టులో ఒక్కడు కదిలేవాడు కాదు. మిల్లు గుమాస్తా ఎంత గింజుకున్నా అంతే.

నాన్నకూ తాతయ్యకూ గంజి తీసుకెళ్లడం నా పని. గంజి తాగాక తాతయ్య నన్ను కుప్ప దగ్గరకు తీసుకెళ్లి అది చదవడం నేర్పేవాడు. రంగు ఎక్కడ ముదిరిందో చూడమనేవాడు, అక్కడ తడిసిందన్నమాట. పులిసిన వాసన వస్తోందేమో పీల్చమనేవాడు. వెదురు గడతో పొడిచి చప్పుడు వినమనేవాడు. గోడ వెంట సన్నటి పగులు కనిపిస్తే ఆ పక్కకే పోవద్దనేవాడు. వీటన్నిటి కంటే పెద్ద గురుతు గుంట. "కింద తీత్తే పైన గుంట పడాల. పడలేదంటే లోపల ఏటో దాసేత్తందన్నమాట. దాన్ని నమ్మకు" అనేవాడు. నేను తలూపేదాన్ని. బారకాసు పిల్లల్లో నాకు తప్ప ఎవరికీ తెలియని విద్య అది, అందుకని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒక రోజు నాకు అర్థం కావాలని ఆయన ఇంటి ముందు ఒక ఆట ఆడి చూపించాడు. అడుగు చిల్లుపడ్డ మట్టిచట్టి ఒకటి తెచ్చి, చిల్లును వేలితో మూసి, నిండా నూకలు పోశాడు. పైన కాస్త గంజి చల్లి, చిల్లు కింద గుడ్డపేలిక కుక్కి ఎండలో పెట్టాడు. గంజి ఆరి పైన అప్పడంలా అయింది. అప్పుడు చట్టిని రెండు ఇటుకల మీద నిలబెట్టి, పేలిక లాగేశాడు. కింద నుంచి నూకలు జలజలా కారిపోయాయి. పైన చూస్తే చట్టి నిండుగానే ఉంది. నేను చప్పట్లు కొట్టాను. తాతయ్య ఒక చింతగింజ తీసి దాని మీద పెట్టాడు, నిలబడింది. తర్వాత ఒక గుండ్రాయి పెట్టాడు. అట్ట ఫెళ్లున విరిగి రాయి అడుగుకు పోయింది. చింతగింజ కూడా దానితోపాటే పోయింది. "సూసినావా? తేలికది ఎక్కితే కుప్ప ఏటీ సెప్పదు. బరువుది ఎక్కినప్పుడే నిజం సెప్తది" అన్నాడు. నాకు ఆ ఆట ఎంత నచ్చిందంటే, మర్నాడు మళ్లీ చెయ్యమని ప్రాణం తీశాను.

ఆ తర్వాత కొన్నాళ్లకే, వానలు వెనకబట్టాక, మా జట్టును ఒక పాత గిడ్డంగి ఖాళీ చెయ్యమన్నారు. వానాకాలమంతా ఇంకో జట్టు అందులో కింద తలుపు నుంచి ధాన్యం లాగి వెళ్లిందని నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు నేను గంజి తీసుకుని వెళ్లేసరికి మనుషులంతా కుప్ప మొదట్లో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. రేవులో పెద్ద పడవ కాసుకుని ఉంది. గుమాస్తా మాటిమాటికీ వచ్చి, మీ వల్ల కాకపోతే చెప్పండి, పని అడుక్కునే జట్లు గేటు బయట బోలెడున్నాయని రంకెలు వేస్తున్నాడు. తాతయ్య గడ పట్టుకుని కుప్ప అంచున నాలుగడుగులు ఎక్కాడు. పొడిచాడు. చెవి వంచి విన్నాడు. ఇంకోచోట పొడిచి మళ్లీ విన్నాడు. తర్వాత మెల్లగా దిగి వచ్చేశాడు.

నేను ఆయన నేర్పినట్టే కుప్ప వైపు చూశాను. పైన రేకుల సందులోంచి వెలుతురు పడుతోంది. దాని కింద వడ్లు ముదురు రంగులో ఉన్నాయి. గుంట ఎక్కడా లేదు. ఆయన పంచె లాగి చెప్పాను.

"తాతా, గుంట పడలేదు."

ఆయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. "ఇది ఆ కుప్ప కాదే పిల్లా. దీని కింద తలుపు తియ్యనే లేదు. తియ్యకపోతే గుంట ఎందుకు పడతాది?" అన్నాడు.

నాకు అది సబబుగా తోచింది. నా కళ్లకంటే ఆయన మాట మీదే నాకు గురి ఎక్కువ. ఆ వయసులో అలాగే ఉండాలి కదా.

జట్టులో పెద్దవాడొకడు గొంతు సవరించుకుని, "మేత్రీ, నువ్వు ఎక్కకండా మేం ఎక్కం. అది నీకూ తెల్సు" అన్నాడు. తాతయ్య మోకాలు పట్టుకుని వంగాడు. "మోకాలు పట్టీసిందిరా, అడుగు పడనేదు. అయితే ఏటి? నా రత్తం ఎక్కితే నాను ఎక్కినట్టు కాదేటి? ఆడబిడ్డ కాలు, లచ్చిమి కాలు. బేగి పసుపు తెండి" అన్నాడు. ఆ మాటతో మనుషుల మొహాలు విచ్చుకున్నాయి. మేస్త్రీ తన మనవరాలిని ఎక్కిస్తానన్నాక ఇక అనుమానం ఎవరికి ఉంటుంది? సొంత బిడ్డను ముప్పులోకి తోసే మనిషి ఎక్కడైనా ఉంటాడా? మిల్లు బయట మొహింగా, అంటే చేపల పులుసులో సేమ్యా, అమ్మే బర్మా ఆవిడ దగ్గర నుంచి ఎవరో చిటికెడు పసుపు తెచ్చారు. తాతయ్య కింద కూర్చుని నా కాళ్లకు తానే తడి చేసి పసుపు రాశాడు. ఆయన చేతులు చల్లగా ఉన్నాయి. నా కాళ్లు ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు కూడా.

ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఏమని చెప్పను! అంతమంది మగవాళ్ల ముందు, మేస్త్రీ వెయ్యాల్సిన ముందడుగు నేను వేస్తున్నాను. ధాన్యం కళ్లకద్దుకుని ఎక్కాను. కాలి కింద అట్ట నేలలా గట్టిగా ఉంది. నా వెనక పసుపు అడుగులు పడుతున్నాయి. నడినెత్తిన నిలబడి, తాతయ్య తన్నినట్టే మడమతో తన్ని, నా పీలగొంతుతో "రండ్రా" అని అరిచాను. అందరూ నవ్వారు. నాన్నయితే నన్ను చూసి మురిసిపోయాడు. దిగి వచ్చాక తాతయ్య నా చెయ్యి పట్టుకుని, దుమ్ము లేస్తుంది రమ్మంటూ గడప దాటించి బయట నిలబెట్టుకున్నాడు. అదీ గారాబమేననుకున్నాను.

నాన్న గంప భుజాన వేసుకుని అందరికంటే ముందు బయల్దేరాడు. నన్ను ఆటపట్టించడానికి కావాలని నా పసుపు అడుగుల మీదే తన కాళ్లు వేసుకుంటూ ఎక్కాడు. వెనక్కి తిరిగి, "సూడే, నీ ఎనకే ఎల్తన్నాను" అన్నాడు. కుప్ప నడినెత్తికి చేరాడో లేదో, ఏదో పెద్ద మూత పడినట్టు చప్పుడైంది. కేక కూడా లేదు. నాన్న ఉన్నచోట నాన్న లేడు. ఆ వెంటనే కుప్ప ముఖమంతా కదిలి, దుమ్ము లేపుకుంటూ కిందకు జారింది. కుప్ప మొదట్లో ఉన్నవాళ్లు తలో దిక్కుకు పరిగెత్తారు.

తర్వాత జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా గుర్తు. మనుషులు గంపలతో తోడుతుంటే వడ్లు మళ్లీ అక్కడికే వచ్చి పడుతున్నాయి. ఎవరో చెక్కలు తెచ్చి అడ్డం పెట్టమని అరిచారు. చెక్కలు నాటి, గోనెలు అడ్డం వేసి, వాటి మధ్య తోడారు. తాతయ్య కూడా తవ్వాడు. ఆయన పట్టేసిన మోకాలు అప్పుడు ఎలా పనిచేసిందో నాకు తెలీదు. గోళ్ల నుంచి రక్తం కారుతున్నా ఆపలేదు. మొహింగా ఆవిడ నా మొహం తన గుండెకు అదుముకుని నన్ను చూడనివ్వలేదు. చివరికి నాన్న చెయ్యి దొరికింది. పైకి లాగి, బోర్లా తిప్పి వీపు మీద చరిస్తే నోట్లోంచి వడ్లు పడ్డాయి. కాసేపటికి దగ్గాడు. ఆ దగ్గు వినగానే మగవాళ్లు కూడా ఏడ్చారు.

నాన్న బతికాడు. నొక్కుకుపోయిన రొమ్ము మాత్రం మళ్లీ మామూలు కాలేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది.

ఆ సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే తాతయ్య బారకాసు అరుగు మీద కూర్చుని నన్ను పిలిచాడు. లోపల నాన్న దగ్గు వినిపిస్తోంది. నేను ఏడుస్తూనే వెళ్లాను. నా వల్లే అయిందని, నా కాలు మంచిది కాదని నాకు గుబులు. ఆయన నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల నిమిరాడు. నన్ను ఊరడించాలనే అన్నాడు ఆ మాట. అందులో ఇప్పటికీ నాకు అనుమానం లేదు.

"ఏడవకే అమ్మా. నీకేటీ అవదని నాకు తెల్సు. నీ బరువుకి అది ఇరగదు. తెల్సుకోకండా నిన్ను ఎక్కిత్తానేటి?"

నాకు ముందు హాయిగానే అనిపించింది. ఆయన రొమ్ముకు తల ఆనించాను. ఆ తర్వాత, ఎలా వచ్చిందో గానీ, ఇటుకల మీద చట్టి గుర్తొచ్చింది. నిలబడ్డ చింతగింజ గుర్తొచ్చింది. దాని తర్వాత ఆయన పెట్టిన గుండ్రాయి కూడా గుర్తొచ్చింది.

తల ఎత్తి అడిగాను. "మరి నాన్న బరువుకి?"

నా తల మీద ఉన్న తాతయ్య చెయ్యి ఆగిపోయింది. నేను మొహం చూశాను, ఆయన వీధి వైపు చూశాడు. నా కాళ్లకు పసుపు ఇంకా ఉంది. ఒళ్లోంచి జారి దిగి లోపలికి వెళ్లిపోయాను. ఆయన మళ్లీ పిలవలేదు.

అమ్మకు చెబితే, "మా అయ్య అలాటోడు కాడు, నోర్ముయ్యి" అని ఒక్కటేసింది. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? ఒక పక్క మొగుడు, ఒక పక్క తండ్రి. నాన్నకు నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా రాలేదు. ఆయాసపడుతూనే మళ్లీ పనిలోకి వెళ్లాక ఆయన మావగారిని పల్లెత్తు మాట అన్నది లేదు. కొత్త కుప్ప దగ్గరకు వెళ్లినప్పుడల్లా మాత్రం గంప కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. తాతయ్య ఎక్కేదాకా అలా నిలబడేవాడు. ఆ మోకాలితోనే తాతయ్య ఎక్కేవాడు, కేకేసేవాడు. అప్పుడు నాన్న వంగి గంప తీసుకునేవాడు. గంజి పట్టుకుని నిలబడి నేను ఇద్దరినీ చూసేదాన్ని.

తాతయ్య వైపు నుంచి కూడా ఆలోచించకపోలేదు. పని పోతే జట్టంతా పస్తులుండాలి. ఆ వయసులో ఆయనకు నిజంగానే భయం వేసి ఉంటుంది, భయమని చెప్పుకుంటే మేస్త్రీగిరీ పోతుంది. బహుశా అట్ట ఆగుతుందిలే అని తనకు తాను సర్ది చెప్పుకున్నాడేమో కూడా. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ నా కాళ్లకు పసుపు రాసిన ఆ చేతులను ఒప్పుకోలేను. నాకు నేర్పిన విద్యతోనే నన్ను ఎర చేశాడు. నా నవ్వు చూపించి మా నాన్నను ఎక్కించాడు. తర్వాత కూడా ఆయన పంచె కొంగున నాకు ఏదో ఒకటి ముడేసి తెచ్చేవాడు. నేను తీసుకుని అరుగు మీదే పెట్టి వెళ్లిపోయేదాన్ని, పిల్లలెవరో తినేవారు. ఆయన పోయినప్పుడు ఏడ్చాను, అబద్ధమెందుకు. ఏడుస్తూ కూడా కోపం పోలేదు.

ఇన్నాళ్లకు ఇది మళ్లీ ఎందుకు కదిలిందంటే, మొన్న మా మనవడు వచ్చాడు. బర్మా ఉత్తర కొసన పుటావో దాటి మంచు కొండలు చూడ్డానికి వెళ్లేవాళ్లకు సామాన్లు మోసి, దారి చూపించే జట్టులో చేరాడు. అక్కడి సంగతులు ఊపిరి తిప్పుకోకుండా చెబుతున్నాడు. మంచు కూడా పొరలు పొరలుగా పడుతుందట. ఎండకు కరిగి చలికి గడ్డకట్టి పైన అట్టకడుతుందట, దాని కింద పంచదారలా పొడిపొడిగా గుల్లబారి ఉంటుందట. అడుగు వేసినప్పుడు కింద నుంచి బుస్సుమని చప్పుడొస్తే వెనక్కి వచ్చెయ్యాలట. గుంట తవ్వి పొరలు చూస్తారట, కర్రతో పొడిచి చూస్తారట. నేను నోరు తెరుచుకుని విన్నాను. మా గిడ్డంగి కథే తెల్లరంగు వేసుకుని వచ్చింది.

"వాలు దాటాల్సి వస్తే నన్నే ఫస్టు పంపుతారు అమ్మమ్మా. నాను సన్నం కదా. మా లీడరుకి నానంటే బాగా ఇష్టం" అన్నాడు గర్వంగా.

నా చేతిలో టీ గ్లాసు కింద పెట్టాను.

"నిన్ను పంపినప్పుడు ఆ లీడరు ఎక్కడ నిలబడతాడ్రా?"

వాడు నవ్వబోయి ఆగాడు. "ఎనకాల. బండ మీద" అన్నాడు.

నేను లేచి వంటింట్లోకి వెళ్లాను. అడుగు చిల్లున్న చట్టి లేకపోవడంతో ఒక పాత కొబ్బరిచిప్పకు చిల్లు పెట్టాను. చిల్లుకు పేలిక కుక్కి, నూకలు పోసి, గంజి చల్లి, ఎండలో పెట్టి, అది ఆరేదాకా ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. ఆరాక పేలిక లాగేశాను. వాడి చేత్తోనే చింతగింజ పెట్టించాను, నిలబడింది. గుండ్రాయి పెట్టించాను, కూలిపోయింది. వాడికి విషయం అర్థమైందని మొహం చూస్తే తెలిసింది. అప్పుడు ఇంకో చింతగింజ తీసి చిప్పకు దూరంగా, గడప అవతల పెట్టాను.

"ఇదేటి?" అన్నాడు.

"గట్టిదే, ఎక్కు అని సెప్పినోడు" అన్నాను.

మా తాతయ్య నేర్పిన ఆటలో నేను కలిపింది ఆ ఒక్క గింజే.